గేర్ పంటికి ఆ వంపు ఎందుకు? క్యాడ్‌లో దాన్ని సరిగ్గా గీయడం ఎలా?

పాత లేత్ మిషన్ ఎడమ పక్కన ఉండే మూత తీస్తే, ఒకదానితో ఒకటి పళ్లు కలుపుకొని ఉన్న గేర్లు కొన్ని కనిపిస్తాయి. వీటిని చేంజ్ గేర్లు అంటారు. కడ్డీ మీద మరలు కోయాల్సి వచ్చినప్పుడు, కావలసిన మర పిచ్‌ను బట్టి ఒక గేర్ తీసి, వేరే పళ్ల సంఖ్య ఉన్న గేర్ బిగిస్తారు. ఆ వరుసలో 20 పళ్ల గేర్‌కు రెండు పళ్లు విరిగాయనుకుందాం. మిషన్ ఎప్పటిదో. విడిభాగాలు దొరకవు. హైదరాబాద్ బాలానగర్ నుంచి గుజరాత్‌లోని రాజ్‌కోట్ దాకా చిన్న వర్క్‌షాపుల్లో ఇది కొత్త కష్టమేమీ కాదు. ఇదివరకైతే మిల్లింగ్ మిషన్ ఉన్న చోటికి పట్టుకెళ్లి కోయించేవారు. ఇప్పుడు ఇంకో దారి కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో క్యాడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి గేర్ గీసి, ఆ ఫైల్‌ను 3డి ప్రింటర్‌కో వైర్‌కట్ మిషన్‌కో పంపించవచ్చు.

గీయడం తేలికే అనిపిస్తుంది. ఒక వృత్తం, దాని అంచున చూపుకు నచ్చిన వంపుతో ఒక పన్ను, దాన్ని చుట్టూ 20 సార్లు కాపీ చేయడం. పది నిమిషాల్లో తెర మీద అచ్చమైన గేర్ తయారు. తీరా మిషన్‌కు బిగించి తిప్పితే గరగరమంటుంది. కోసిన మరను జాగ్రత్తగా కొలిస్తే దాని పిచ్ ఒకచోట కాస్త ఎక్కువ, మరోచోట కాస్త తక్కువ ఉంటుంది. పళ్లు లెక్కపెడితే సరిగ్గా 20 ఉన్నాయి. మరి తప్పెక్కడ?

20 పళ్ల గేర్ 40 పళ్ల గేర్‌ను తిప్పుతోందంటే, చిన్నది రెండు చుట్లు తిరిగేసరికి పెద్దది ఒక చుట్టు తిరిగి తీరాలి. పళ్లు త్రికోణంగా ఉన్నా, పలకల్లా ఉన్నా ఈ లెక్క మారదు. అయితే ఇది చుట్టు మొత్తానికి సగటు. ఒక పన్ను తాకినప్పటి నుంచి వదిలేదాకా గడిచే ఆ కొద్ది క్షణంలో పెద్ద గేర్ ముందు తొందరపడి, ఆ తర్వాత వెనకబడవచ్చు. ప్రతి పంటికీ ఇదే తంతు. చప్పుడు, అదురు, అరుగుదల అన్నీ అక్కడి నుంచే వస్తాయి. చెరకు రసం బండి మీద గేర్లు కాస్త కటకటలాడినా గ్లాసులోకి రసం వస్తుంది. మర కోసే లేత్‌కు ఆ వెసులుబాటు లేదు. నిష్పత్తి ప్రతి క్షణం 2 గానే ఉండాలి. ఆ హామీ ఇవ్వాల్సింది పంటి పక్క వంపే.

కండె నుంచి విప్పిన దారం

దారపు కండె ఒకటి తీసుకుని బల్ల మీద కదలకుండా నిలబెట్టి, దారం కొసకు పెన్సిల్ కట్టండి. దారాన్ని బిగువుగా పట్టుకుని విప్పుతూ పోతే, పెన్సిల్ మొన మెల్లగా బయటికి విచ్చుకునే ఒక వంపును గీస్తుంది. దాని పేరు ఇన్వాల్యూట్. నేటి గేర్లలో అత్యధిక భాగానికి పంటి పక్క తలం ఈ వంపు తాలూకు చిన్న ముక్కే. కండె అంచుకు సమానమైన వృత్తాన్ని బేస్ సర్కిల్ అంటారు.

ఇప్పుడు రెండు కండెలను పక్కపక్కన రెండు ఇరుసుల మీద ఉంచుదాం. మొదటి దాని దారాన్ని రెండో దానికి అడ్డంగా దాటించి చుడదాం. రెండో దాన్ని తిప్పితే మొదటి దాని దారం విడుతూ, రెండోదానికి చుట్టుకుంటూ ఉంటుంది. రెండూ గేర్లలాగే ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. దారం సాగదు కాబట్టి రెండు కండెల అంచు వేగం ఒకటే. తిరుగుడు వేగాల నిష్పత్తిని కండెల వ్యాసాలు మాత్రమే నిర్ణయిస్తాయి. అది ఏ క్షణంలోనూ మారదు.

రెండు కండెల మధ్య ఉన్న దారం మీద ఒక సిరా చుక్క పెడదాం. మొదటి కండెతో పాటు తిరిగే కాగితం మీద ఆ చుక్క ఒక ఇన్వాల్యూట్‌ను గీస్తుంది. రెండో కండెతో తిరిగే కాగితం మీద మరో ఇన్వాల్యూట్‌ను గీస్తుంది. ఆ రెండు గీతలూ ఒకదాన్నొకటి తాకేది ఎప్పుడూ ఆ చుక్క దగ్గరే. ఇక దారాన్ని తీసేసి, ఆ గీతల వెంట లోహాన్ని కోస్తే చాలు. దారం చేసిన పనిని పళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ చేస్తాయి. గేర్లకు ఇన్వాల్యూట్ వంపును ప్రతిపాదించి, దాని గణితాన్ని తీర్చిన వారిలో ముఖ్యుడు 18వ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త లియోనార్డ్ ఆయిలర్.

ఈ వంపుకు ఇంకో మంచి గుణం ఉంది. రెండు ఇరుసులను కొద్దిగా దూరం జరిపినా కండెల వ్యాసాలు మారవు కదా. దారం వాలు మాత్రమే మారుతుంది. అంటే బిగింపులో 60 మిల్లీమీటర్లు ఉండాల్సిన దూరం 60.2 అయినా నిష్పత్తి కచ్చితంగా 2 గానే ఉంటుంది. పళ్ల మధ్య సందు మాత్రం సుమారు 0.15 మి.మీ. పెరుగుతుంది. వర్క్‌షాపులో బిగించే మనిషి చేతికి ఇంత క్షమాగుణం ఉన్న వంపు మరొకటి దొరకదు. మరో పేరున్న వంపు సైక్లాయిడ్‌కు ఈ గుణం లేదు.

ముందు పాత గేర్‌ను చదవాలి

సాఫ్ట్‌వేర్ తెరవక ముందు రెండు సంగతులు తెలియాలి. పళ్ల సైజు ఎంత, దారం వాలు ఎంత.

పళ్ల సైజును మాడ్యూల్ అంటారు. మామూలు గేర్‌లో పళ్ల కొసల మీదుగా కొలిచిన వ్యాసాన్ని, పళ్ల సంఖ్యకు 2 కలిపి వచ్చిన అంకెతో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. మన గేర్ వ్యాసం 44 మి.మీ., పళ్లు 20. అంటే 44ను 22తో భాగించాలి. మాడ్యూల్ 2. అదే కొలత 46.5 దాటి వస్తే ఆ మిషన్ అంగుళాల పద్ధతిది అయ్యే అవకాశముంది. అంగుళం వ్యాసానికి 12 పళ్ల లెక్కన చేసిన గేర్‌కు సమానమైన మాడ్యూల్ 2.117. దాని పక్కన మాడ్యూల్ 2 గేర్ పెడితే చూపుకు తేడా తెలియదు. కలిపి తిప్పితే మాత్రం తెలుస్తుంది.

దారం వాలును ప్రెషర్ యాంగిల్ అంటారు. ఇవాళ అంతటా వాడే ప్రమాణం 20 డిగ్రీలు. పాత మిషన్లలో 14.5 డిగ్రీలు కూడా ఉంటుంది. దీన్ని కంటితో పట్టుకోవడం కష్టం, వెర్నియర్‌తో తేలిక. విరగని పళ్లను రెండింటిని కలిపి వెర్నియర్ దవడల మధ్య పట్టి కొలవాలి. తర్వాత మూడింటిని కలిపి కొలవాలి. రెండు కొలతల తేడా 5.90 మి.మీ. వస్తే 20 డిగ్రీలు, 6.08 వస్తే 14.5 డిగ్రీలు. ఇది ఎలా పనిచేస్తుందంటే, దవడలు రెండూ పంటి పక్కలను తాకిన బిందువులను కలిపే గీత సరిగ్గా బేస్ సర్కిల్‌ను ఒరుసుకుంటూ పోతుంది. ఆ గీత మన దారమే. వెర్నియర్ కొలిచేది దారం పొడవును.

వృత్తాలు, తర్వాత వంపు

ఇక క్యాడ్. మాడ్యూల్ 2, పళ్లు 20, కోణం 20 డిగ్రీలు అనే మూడు అంకెలతో నాలుగు వృత్తాలు వస్తాయి. రెండు గేర్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నట్టు ఊహించుకునే పిచ్ సర్కిల్ వ్యాసం 2 × 20 = 40 మి.మీ. పళ్ల కొసలు దానికి అన్ని వైపులా ఒక మాడ్యూల్ పైన, అంటే వ్యాసం 44. అడుగు 1.25 మాడ్యూళ్లు కింద, అంటే 35. ఎదుటి గేర్ పంటి కొస అడుగును తాకకుండా పావు మాడ్యూల్ ఖాళీ మిగులుతుంది. నాలుగోది బేస్ సర్కిల్. 40ని 20 డిగ్రీల కొసైన్‌తో గుణిస్తే 37.588 మి.మీ. వ్యాసార్ధం 18.794.

ఇన్వాల్యూట్‌ను క్యాడ్‌లోకి తెచ్చే సూత్రం చిన్నదే. బేస్ సర్కిల్ వ్యాసార్ధాన్ని ఆర్ అని, దారం ఎంత కోణం మేర విడిందో దాన్ని టి అని అనుకుంటే:

ఎక్స్ = ఆర్ × (కాస్ టి + టి × సైన్ టి)
వై = ఆర్ × (సైన్ టి − టి × కాస్ టి)

టి సున్నా దగ్గర వంపు బేస్ సర్కిల్ మీద మొదలవుతుంది. మన గేర్‌లో టి 0.6085 రేడియన్లకు చేరేసరికి పంటి కొస వస్తుంది. సూత్రాన్ని నేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. తీసుకోనివాటిలో ఎక్సెల్‌లో ఎనిమిదో పదో బిందువులు లెక్కగట్టి, వాటి గుండా స్ప్లైన్ గీయవచ్చు. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఎక్సెల్, పైథాన్ కోణాలను రేడియన్లలో తీసుకుంటాయి. ఓపెన్‌స్కాడ్ డిగ్రీలలో తీసుకుంటుంది. పైగా సూత్రంలో టి రెండు పాత్రలు పోషిస్తోంది. కాస్, సైన్ లోపల అది కోణం. బయట అది గుణించే అంకె, అక్కడ తప్పనిసరిగా రేడియన్లలోనే ఉండాలి. ఈ రెండూ కలగాపులగమైతే తెర మీద పన్నుకు బదులు సుడిగుండం కనిపిస్తుంది. ఒక రకంగా అదృష్టం, కనిపించే తప్పు గనుక వెంటనే దిద్దుకుంటారు.

కనిపించని తప్పు వేరే ఉంది. అది పంటి మందంలో ఉంటుంది.

పిచ్ సర్కిల్ మీద ఒక పన్ను, ఒక సందు సమానం. 20 పళ్లంటే పంటి మధ్య గీత నుంచి పక్క తలం దాకా 4.5 డిగ్రీలు. అందుకని వంపును 4.5 డిగ్రీలు తిప్పి, అద్దంలో బొమ్మలా రెండో పక్క పెడితే సరిపోతుందని అనిపిస్తుంది. అయితే వంపు మొదలైంది పిచ్ సర్కిల్ మీద కాదు, బేస్ సర్కిల్ మీద. అక్కడి నుంచి పిచ్ సర్కిల్ దాకా ఎక్కేలోపు అది పంటి మధ్య గీత వైపు 0.854 డిగ్రీలు వంగిపోతుంది. 20 డిగ్రీల టాంజెంట్ విలువలోంచి, రేడియన్లలో 20 డిగ్రీలను తీసేస్తే వచ్చే 0.014904 అనేది ఈ కోణమే. కాబట్టి బేస్ సర్కిల్ దగ్గర వంపు మొదలును 5.354 డిగ్రీల దూరంలో పెట్టాలి. 4.5 దగ్గర పెట్టిన పన్ను 3.14 మి.మీ. మందానికి బదులు 2.55 మి.మీ. ఉంటుంది. తెర మీద చూస్తే నాజూకైన, అందమైన గేర్. వంపు కూడా నిఖార్సైన ఇన్వాల్యూటే. బిగిస్తే మాత్రం దిశ మార్చిన ప్రతిసారీ 0.6 మి.మీ. మేర ఖాళీగా కొట్టుకుంటుంది.

ఇంత లెక్క ఎందుకు, మూడు బిందువుల గుండా ఒక చాపం గీస్తే పోదా అనే ప్రశ్న సహజం. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. 19వ శతాబ్దంలో కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ రాబర్ట్ విల్లిస్ ఓడోంటోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేసింది అందుకే. పంటి వంపుకు దగ్గరగా వచ్చే చాపాల కేంద్రాలు ఎక్కడ పెట్టాలో అది చెప్పేది. మన గేర్‌లో బేస్, పిచ్, కొస వృత్తాల మీద నిజమైన ఇన్వాల్యూట్ బిందువులు మూడింటిని తీసుకుని చాపం గీస్తే, అది అసలు వంపు నుంచి అత్యధికంగా 0.02 మి.మీ. చిల్లర మాత్రమే తప్పుతుంది. ఇంట్లో వాడే 3డి ప్రింటర్ సొంత పొరపాటు అంతకన్నా ఎక్కువ. ప్లాస్టిక్ గేర్‌కు ఆ చాపం చాలు. మైక్రాన్లలో లెక్కచూసే ఉక్కు గేర్‌కు చాలదు. అయితే ఆ మూడు బిందువులను కూడా సూత్రమే ఇవ్వాలి. చూపుకు నచ్చిన చోట పెట్టిన చాపానికి ఈ హామీ లేదు.

పంటి అడుగున

బేస్ సర్కిల్ వ్యాసార్ధం 18.794 అయితే పంటి అడుగు 17.5 దగ్గర ఉంది. మధ్యలో ఉన్న 1.3 మి.మీ.లో ఇన్వాల్యూట్ లేనే లేదు. దారం కండె లోపలికి విప్పుకోలేదు కదా. 42 పళ్లు, అంతకు మించి ఉన్న గేర్లలో అడుగు బేస్ సర్కిల్ పైకి వస్తుంది కాబట్టి ఈ చిక్కు ఉండదు. చిన్న గేర్లలో ఉంటుంది.

చాలామంది అక్కడ కేంద్రం వైపు ఒక నిట్టనిలువు గీత గీసి ఊరుకుంటారు. 20 పళ్ల గేర్‌కు పని జరుగుతుంది. 40 పళ్ల జతతో ఇది తాకే భాగం 18.88 మి.మీ. వ్యాసార్ధం దగ్గరే ఆగిపోతుంది, అంటే బేస్ సర్కిల్‌కు వెంట్రుకవాసి పైన. అయితే ఆ గీత అడుగు వృత్తాన్ని కలిసే చోట పదునైన మూల మిగలకూడదు. పన్ను మీద భారం పడినప్పుడు అత్యధిక ఒత్తిడి చేరేది ఆ మూలలోనే. పళ్లు విరిగేదీ అక్కడే. ప్రామాణిక పంటి రూపంలో అక్కడ 0.38 మాడ్యూల్ గుండ్రం ఉంటుంది, మన గేర్‌కు 0.76 మి.మీ.

17 పళ్ల కన్నా తగ్గితే నిలువు గీత కుదరదు. ఎదుటి గేర్ పంటి కొస వచ్చి పంటి మొదట్లో గుచ్చుకుంటుంది. హాబ్ కట్టర్‌తో కోసిన గేర్‌లో ఆ భాగాన్ని కట్టరే తొలిచేస్తుంది. దాంతో గేర్ తిరుగుతుంది గానీ పంటి మొదలు సన్నబడి బలం తగ్గుతుంది. దీనికి మందు, పన్ను మొత్తాన్ని కొంచెం బయటికి జరపడం. 10 పళ్ల గేర్‌కు కనీసం 0.415 మాడ్యూల్ జరపాలి. అంటే మాడ్యూల్ 2లో 0.83 మి.మీ. దానికి తగ్గట్టు జత గేర్‌నో ఇరుసుల దూరాన్నో సవరించుకోవాలి.

అడుగు భాగాన్ని నిజాయితీగా గీయాలంటే హాబ్ చేసే పనినే క్యాడ్‌లో చేయించవచ్చు. తిన్నని పక్కలున్న పళ్ల పలకను, అంటే ర్యాక్‌ను, గేర్ దిమ్మ పక్కన పెట్టాలి. దిమ్మను ఒక డిగ్రీ తిప్పి, పలకను 0.349 మి.మీ. జరిపి, తగిలిన మేర తీసేయాలి. మళ్లీ ఒక డిగ్రీ. ఇలా కొన్ని పదుల సార్లు చేసేసరికి ఏ సూత్రమూ రాయకుండానే పక్కన ఇన్వాల్యూట్, అడుగున గుండ్రం వాటంతట అవే వస్తాయి. కంప్యూటర్ మెల్లబడే పద్ధతే. నేర్చుకునేవాళ్లు ఒక్కసారైనా చేసి చూడదగ్గ పద్ధతి కూడా.

ఫ్రీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇన్వాల్యూట్ గేర్‌ను గీసే పనిముట్టు సిద్ధంగానే ఉంది. మరి ఈ శ్రమ ఎందుకంటే, కొన్ని విడిభాగాల లైబ్రరీల్లో ఉండే గేర్లు డ్రాయింగ్‌లో చోటు చూపించడానికి ఉద్దేశించిన నమూనాలు మాత్రమే. వాటి పంటి వంపు ఉజ్జాయింపు. తెచ్చుకున్న గేర్ ఏ రకమో తేల్చుకోవాలంటే లెక్క తెలియాలి.

తెర నుంచి చేతికి

గీసిన గేర్‌ను ఎస్‌టీఎల్ ఫైల్‌గా మార్చగానే వంపులన్నీ చిన్న చిన్న చదును ముక్కలైపోతాయి. మన పంటి పక్క పొడవు సుమారు 3.5 మి.మీ. దాన్ని ఏడు ముక్కలు చేస్తే వంపు 0.005 మి.మీ. మాత్రమే తప్పుతుంది. రెండే ముక్కలైతే 0.055 మి.మీ. అంటే ఇంత లెక్కగట్టి తెచ్చిన ఇన్వాల్యూట్, ఇందాకటి మూడు బిందువుల చాపం కన్నా హీనమవుతుంది. ఎగుమతి చేసేటప్పుడు నాణ్యత సెట్టింగ్‌ను పైకి పెట్టడం మరవకూడదు.

రెండోది సందు. సరిగ్గా 3.14 మి.మీ. మందం ఉన్న పళ్లు సరిగ్గా 60 మి.మీ. దూరంలో బిగిస్తే ఇరుక్కుంటాయి. నూనెకు చోటుండదు, వేడికి ఉబ్బితే చోటుండదు. అందుకని పంటి మందాన్ని కావాలనే కొంచెం తగ్గిస్తారు. ప్లాస్టిక్ ప్రింట్‌కు ఒక్కో గేర్‌కు 0.1 మి.మీ. నుంచి మొదలుపెట్టి చూడవచ్చు. ఆ తగ్గింపును పక్క తలాన్ని తిప్పి చేయాలి. గేర్ మొత్తాన్ని 99 శాతానికి కుదిస్తే బేస్ సర్కిల్ కూడా కుదించుకుపోయి, జత గేర్‌తో పళ్ల ఎడం కలవదు.

తెర మీద రెండు గేర్లను జతగా పెట్టి, చిన్నదాన్ని ఒక డిగ్రీ, పెద్దదాన్ని అర డిగ్రీ చొప్పున తిప్పుతూ ఎక్కడైనా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతున్నాయేమో చూడటం మొదటి పరీక్ష. ఒక పన్ను నిడివి మేర, అంటే 18 డిగ్రీలు తిప్పితే చాలు, ఆ తర్వాత అంతా పునరావృతమే. ఈ జతలో ఎప్పుడూ కనీసం ఒక పన్ను, సగటున 1.63 పళ్లు తాకి ఉండాలి. మధ్యలో ఎక్కడైనా ఏ పన్నూ తాకడం లేదని కనిపిస్తే వంపులోనో కొస వ్యాసంలోనో పొరపాటు ఉన్నట్టే.

రెండో పరీక్ష ప్రింటర్ నుంచి వచ్చిన గేర్ మీద, మళ్లీ ఆ వెర్నియర్‌తోనే. మూడు పళ్లను కలిపి పట్టినప్పుడు మాడ్యూల్ 2, 20 పళ్ల గేర్ కొలత 15.32 మి.మీ. ఉండాలి. పంటికి 0.1 తగ్గించి గీస్తే 15.23. ఆ రెంటి మధ్య ఎక్కడ తేలినా లేత్‌కు బిగించి చూడవచ్చు. 15.4 దాటితే ప్లాస్టిక్ గోడ ఉబ్బి మందం పెరిగింది, ఇంకాస్త తగ్గించి మళ్లీ ప్రింట్ తీయాలి. 14.76 వచ్చిందంటే మాత్రం ప్రింటర్‌ను అనుమానించే పని లేదు. క్యాడ్ ఫైల్ తెరిచి, ఆ 0.854 డిగ్రీలు కలిపారో లేదో చూసుకోవాలి.